కనిపించని సామానుకే ముందు పైసలు

(నల్గొండలో డిగ్రీ విద్యార్థులు, డీటీపీ పనివాళ్లు, ఆన్‌లైన్ సెంటర్లు నడిపేవాళ్ల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న తమ్ముళ్లు కొంచెం ముందుకు రండి. సామానంతా ఈ బల్ల మీద పరిచాను, అక్కడి నుంచి కనిపించదు. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ మాట్లాడేది ఒక్క విషయం. పగలంతా ఆఫీసు పని, సాయంత్రం కాసేపు గేమ్. ఈ రెండింటికీ సరిపోయే డెస్క్‌టాప్‌ను తక్కువ ఖర్చులో ఎట్లా అసెంబుల్ చేసుకోవాలి? ఇక్కడ ఆన్‌లైన్ సెంటర్లవాళ్లు ఉన్నారు, డీటీపీ చేసేవాళ్లు ఉన్నారు, ట్యాలీ నేర్చుకుంటున్న పిల్లలు ఉన్నారు. ఎవరి పని వాళ్లది, కానీ పైసల విషయంలో అందరిదీ ఒకటే ఇబ్బంది. పెట్టిన ప్రతి రూపాయి పనికి రావాలి.

దుకాణానికి వచ్చినవాళ్లు మొదట అడిగేదేమిటో తెలుసా? "అన్నా, ఎన్ని జీబీ గ్రాఫిక్స్ కార్డు వేస్తవు?" రెండో ప్రశ్న, "కేబినెట్‌కు లైట్లు ఉంటయా?" ఇట్లా మొదలుపెడితే పైసలన్నీ కంటికి కనిపించేవాటికే అయిపోతాయి. మరి రిపేరుకు వచ్చే మిషన్లు ఎందుకు వస్తున్నాయి? ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును మిషన్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా, కాలిపోయి వస్తాయి. హార్డ్ డిస్క్ మొరాయించి వస్తాయి. దుమ్ము పట్టి, వేడికి ఆగిపోయి వస్తాయి. లైట్లు లేవని రిపేరుకు వచ్చిన మిషన్ ఒక్కటైనా ఉంటుందా? అందుకే నేను చెప్పేది ఇది: కనిపించని సామానుకే ముందు పైసలు పెట్టండి. మిగిలితే కనిపించేవి కొందాం.

ముందు పని సంగతి తేల్చుకోవాలి. ఆన్‌లైన్ సెంటర్‌లో ఏం నడుస్తుంది? బ్రౌజర్‌లో పది పదిహేను ట్యాబులు, ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మిషన్, వెబ్‌క్యామ్. దీనికి ర్యామ్, అంటే పని నడుస్తున్నంతసేపు మిషన్ వాడుకునే మెమరీ, కావాలి, యూఎస్‌బీ పోర్టులు కావాలి. మదర్‌బోర్డు, అంటే సామానంతా బిగించే పెద్ద బోర్డు, కొనేముందు దాని వెనక పోర్టులు లెక్కపెట్టండి. కీబోర్డు, మౌస్ పెట్టగానే రెండు పోతాయి. ఈ లెక్క ఎవరూ చూడరు, తర్వాత నాసిరకం యూఎస్‌బీ హబ్ తెచ్చి దానికి వేలిముద్ర మిషన్ తగిలిస్తారు. కస్టమర్ వేలు పెట్టి నిలబడి ఉంటాడు, మిషన్ మాటిమాటికీ డిస్‌కనెక్ట్ అవుతుంది. డీటీపీలో పేజ్‌మేకర్, అను ఫాంట్లు మాత్రమే అయితే ఇప్పుడొచ్చే ఏ ప్రాసెసర్ అయినా చాలు. ఫ్లెక్సీల పని, ఫోటోషాప్, కోరల్ ఉంటే మాత్రం 16 జీబీ ర్యామ్‌కు తగ్గొద్దు.

ఇప్పుడు ప్రాసెసర్. ఇదిగో, ఇది ఏఎండీ రైజెన్ 5 5600జీ. 2021లో వచ్చింది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్ల రకం. కోర్లంటే లోపల పనిచేసే చేతులు, థ్రెడ్లంటే అవి ఒకేసారి పట్టుకోగల పనులు. పేరు చివర 'జీ' ఉంది చూశారా? గ్రాఫిక్స్ ఇందులోనే ఉందని దానర్థం. వేరే కార్డు లేకుండానే మానిటర్ మీద బొమ్మ వస్తుంది, చిన్నాచితకా గేములు నడుస్తాయి. కూలర్ కూడా డబ్బాలోనే ఇస్తారు. ఇంటెల్‌లో దీనికి పక్కన పెట్టి చూసేది ఐ3 12100. 2022 మొదట్లో వచ్చింది, 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఆఫీసు పనికి దాంట్లో ఏ లోటూ లేదు. గేముల దగ్గరికి వచ్చేసరికి దాని లోపలి గ్రాఫిక్స్ రైజెన్‌కు సాటి రాదు. గేమ్ అసలే వద్దనుకునేవాళ్లు ఐ3 తీసుకోండి, నిశ్చింతగా ఉండండి. గేమ్ కూడా కావాలంటే నా ఓటు 5600జీకే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఐ3 12100ఎఫ్ అని ఇంకొకటి ఉంటుంది. ధర తక్కువ కనిపిస్తుంది. చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. ఇంటికి తెచ్చుకుని, అంతా బిగించి, ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది. బోర్డు పోయిందేమోనని టెన్షన్ పడతారు. బోర్డు మంచిగానే ఉంది, డిస్‌ప్లే ఇచ్చేదే లేదు. ఆ ఒక్క అక్షరం చూసి కొనండి.

"అన్నా, 2021ది పాతది కదా, కొత్తది తీసుకోవద్దా?" ఎవరో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. కొత్తది 8600జీ ఉంది, 2024 జనవరిలో వచ్చింది. గ్రాఫిక్స్ దీనికంటే చాలా బాగుంటుంది, కాదనను. కానీ దానికి ఏఎం5 అనే కొత్త రకం సాకెట్ ఉన్న బోర్డు కావాలి, డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామే వేయాలి. ర్యామ్ సంగతి మీరు చూస్తూనే ఉన్నారు. 2025 చివరి నెలల నుంచి రేట్లు మండిపోతున్నాయి. ఎందుకు? ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు ట్రక్కులకు ట్రక్కులు కావాలి, తయారుచేసే కంపెనీలు అటు మళ్లాయి. మైక్రాన్ కంపెనీ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మే వ్యాపారమే మూసేస్తున్నామని 2025 డిసెంబరులో ప్రకటించింది. అందుకే నేను ఇవాళ ఏ వస్తువుకూ రేటు చెప్పను. చెప్పినా వారానికే తప్పవుతుంది. ఇంట్లో పాత మిషన్‌లో డీడీఆర్4 ర్యామ్ ఉంటే పారేయకండి, అమ్మకండి. డెస్క్‌టాప్ ర్యామ్ అయితే ఈ 5600జీ బోర్డులో అదే పెట్టుకోవచ్చు.

ర్యామ్ గురించి ఒక మాట గట్టిగా చెప్తాను, రాసుకోండి. 16 జీబీ కొనేటప్పుడు 16ది ఒక్కటి కొనకండి, 8వి రెండు కొనండి. ఎందుకు? 5600జీలోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక్కటి పెడితే సెకనుకు 25.6 జీబీ దారి. రెండు పెడితే 51.2. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు చూశారు కదా, ఒక్క లైనే తెరిచి ఉంచితే కార్లెంత మంచివైనా ఏం లాభం? ఆఫీసు పనిలో ఈ తేడా పెద్దగా తెలియదు. గేమ్‌లో మాత్రం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. రెండు ర్యామ్‌లు పెట్టాక బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరిచే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి. కొన్ని బోర్డుల్లో దాన్ని డీఓసీపీ అంటారు. అది ఆన్ చేయకపోతే 3200 వేగం అని కొన్న ర్యామ్ కూడా చాలాసార్లు 2133లోనో, 2400లోనో, 2666లోనో నడుస్తుంటుంది. పైసలు పెట్టి కొన్న వేగాన్ని మూలన పడేసినట్టే. మీ మిషన్లలో ఇది ఆన్‌లో ఉందో లేదో ఇవాళ ఇంటికి వెళ్లగానే చూడండి.

మరి ఏ గేములు ఆడొచ్చు? వాలరెంట్ హాయిగా నడుస్తుంది. జీటీఏ 5 సెట్టింగులు తగ్గించుకుని 1080లో ఆడుకోవచ్చు. కౌంటర్ స్ట్రైక్ 2కు సెట్టింగులు బాగా కిందికి దించాలి. కొత్తగా వచ్చే భారీ గేములు దీని మీద ఆశించొద్దు, అది ముందే చెప్తున్నాను. ఫోన్ గేమ్‌ను కంప్యూటర్ మీద నడిపే ఎమ్యులేటర్‌లో ఆడేవాళ్లు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయాలి, ఏఎండీ బోర్డుల్లో అది ఎస్‌వీఎం పేరుతో ఉంటుంది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగులూ బయోస్‌లో ఆన్‌లో ఉండాలి. చాలామంది పిల్లలు గేమ్ ఎర్రర్ ఇస్తోందని విండోస్ మళ్లీ మళ్లీ ఎక్కిస్తుంటారు. అక్కర్లేదు, ముందు బయోస్ చూడండి.

గ్రాఫిక్స్ కార్డు పేరు చెప్పి ఇప్పటికీ జీటీ 730 అంటగట్టేవాళ్లు ఉన్నారు. "4 జీబీ గ్రాఫిక్స్" అని అంటారు. అది 2014 నాటి కార్డు. ఆ కెప్లర్ తరం కార్డులకు ఎన్విడియా కొత్త గేమ్ డ్రైవర్లు ఇవ్వడం 2021లోనే మానేసింది. 5600జీ లోపల ఉన్న గ్రాఫిక్స్ దానికంటే బలమైనది. ఎన్ని జీబీ అని అడగడం మానేసి ఏ సంవత్సరంది, ఏ చిప్ అని అడగండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన చోటికి వచ్చాం. ఈ రెండు డబ్బాలు చూడండి. రెండూ ఎస్‌ఎంపీఎస్‌లే. రెండింటి మీదా 450 వాట్లు అనే ఉంది. ఇది కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చింది. ఇది విడిగా కొన్నది. చెల్లె, నువ్వు రా, చెరో చేతిలో ఒకటి పట్టుకో. ఏది బరువుగా ఉంది? విడిగా కొన్నది. చూశారా, రెండో దానిలో సగం బరువు కూడా లేదు ఉచితంగా వచ్చింది. లోపల ఏం లేదు కనుక. ఇప్పుడు లేబుల్ చదువు. పెద్ద అక్షరాలు వద్దు, కింద పట్టీలో ప్లస్ 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు అని ఉందో చదువు. 14. పన్నెండు పద్నాలుగులు ఎంత? 168. డబ్బా మీద 450, అసలు పని చేసే 12 వోల్టుల లైనులో 168 వాట్లు. ప్రాసెసర్ అయినా, రేపు పెట్టబోయే గ్రాఫిక్స్ కార్డు అయినా, కరెంటు తీసుకునేది ప్రధానంగా ఈ 12 వోల్టుల లైను నుంచే. రెండోది చదువు. 36. పన్నెండు ముప్పై ఆరులు 432. ఇది నిజమైన 450.

ఎవరు ఏ బ్రాండు చెప్పినా సరే, దుకాణంలో నిలబడి ఈ గుణకారం చేయండి. 80 ప్లస్ గుర్తు ఉందా చూడండి. ఉంటే, సగం లోడు మీద కనీసం 80 శాతం కరెంటును వృథా కాకుండా ఇస్తుందని పరీక్ష చేసి ఇచ్చిన గుర్తు. బ్రాంజ్ అయితే ఇంకొంచెం మేలు. మన మిషన్ నిజానికి ఎంత తింటుంది? గ్రాఫిక్స్ కార్డు లేని 5600జీ ఆఫీసు పనిలో మానిటర్ కాకుండా 50 వాట్లు తినడమే ఎక్కువ. గేమ్‌లో 100 దాటినా 150కి పోదు. "మరి 168 చాలు కదా అన్నా?" అంటారు. లెక్కకు చాలు. కానీ ఆ నాసి ఎస్‌ఎంపీఎస్‌లో వోల్టేజీ ఎగుడుదిగుడును ఆపే సామాను ఉండదు. మన దగ్గర కరెంటు ఎట్లా వస్తుందో నేను చెప్పాలా? వ్యవసాయ మోటార్లు ఒక్కసారిగా ఆన్ అయితే వోల్టేజీ పడిపోతుంది, ఆగితే ఎగురుతుంది. ఆ దెబ్బ మొదట తగిలేది ఎస్‌ఎంపీఎస్‌కు. మంచిదైతే తానే ఆగిపోయి మిగతా సామానును కాపాడుతుంది. నాసిదైతే పోతూ పోతూ బోర్డును, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీని కూడా పట్టుకుపోతుంది. ఎస్‌ఎస్‌డీలో ఏముంటుంది? మీ కస్టమర్ల ఫైళ్లు, మూడేళ్ల ట్యాలీ డేటా. అది ఏ వారంటీ కిందా తిరిగి రాదు.

దీనికి జతగా ఎర్తింగ్. కేబినెట్‌ను చెయ్యితో తాకితే జివ్వుమన్న అనుభవం ఎంతమందికి ఉంది? చేతులెత్తండి. ఇదిగో, సగం మందికి పైగా ఉన్నారు. షాక్ ఎందుకు కొడుతుంది? "ఎస్‌ఎంపీఎస్ లీకేజీ అన్నా, మార్చెయ్" అని తెస్తారు. చాలాసార్లు ఎస్‌ఎంపీఎస్ తప్పు లేదు. దాని లోపల కరెంటులోని రొదను వడపోసే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజ్ నుంచి బాడీకి, ఒకటి న్యూట్రల్ నుంచి బాడీకి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే పోవడానికి దారి లేక బాడీ మీద 230లో సగం, అంటే దాదాపు 115 వోల్టులు తేలుతుంటాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమంటుంది, అంతే. కానీ ఆన్‌లో ఉండగా ప్రింటర్ కేబుల్ గుచ్చితే, హెచ్‌డీఎంఐ గుచ్చితే అదే వోల్టేజీ ఆ పోర్టు మీద పడుతుంది. పోర్టులు ఊరికే పోతున్నాయంటే ఒక కారణం ఇది.

గోడ మీద మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పై రంధ్రానికి లోపల వైరే ఉండని ఇళ్లు చాలా ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పరీక్ష చేయించండి. గుంత తీసి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ పెట్టించినా, మనది రాతి నేల. ఎండాకాలం నేల ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదు. అప్పుడప్పుడు ఆ గుంతలో నీళ్లు పోయాలి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసి వాడే అలవాటు ఉన్నవాళ్లు దయచేసి ఇవాళ్టితో మానేయండి. ఇది మిషన్ కోసం మాత్రమే చెప్పడం లేదు. ఎస్‌ఎంపీఎస్‌లో నిజంగానే ఫేజ్ బాడీకి తగిలిన రోజు ఎర్త్ లేకపోతే మనిషి ప్రాణం పోతుంది.

ఎస్‌ఎస్‌డీ గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. విండోస్ ఎస్‌ఎస్‌డీ మీదే ఉండాలి. బోర్డు మీద ఎం.2 జాగా ఉంటుంది, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం 500 జీబీది పెట్టండి. జీటీఏ 5 ఒక్కటే 70 జీబీకి పైగా తింటుంది, కాబట్టి 256 తొందరగా నిండిపోతుంది. పాత హార్డ్ డిస్క్ ఉంటే బ్యాకప్‌కు తగిలించుకోండి.

మన ఎండల గురించి. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. 5600జీ 95 డిగ్రీలకు చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గదే 40 దాటి ఉంటే, ముందు అద్దం బిగించిన కేబినెట్‌లోకి గాలి ఎటు నుంచి పోవాలి? ముందు జాలీ ఉన్నది తీసుకోండి. కంప్యూటర్ టేబుల్‌లో కింద తలుపున్న అర ఉంటుంది చూడండి, అందులో పెట్టి తలుపు మూయకండి. మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లకు రైసు మిల్లుల దుమ్ము, దామరచర్ల వైపువాళ్లకు సిమెంటు దుమ్ము. మీరు మిగతావాళ్లకంటే ఎక్కువసార్లు బ్లోయర్‌తో కొట్టుకోవాలి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. వదిలేస్తే గాలికి అది విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

బిగించే పద్ధతి ఇప్పుడు చేతులతో చూపిస్తాను, మాటల్లో రెండే చెప్తాను. ఈ ప్రాసెసర్ అడుగున పిన్నులు చూశారా, వెంట్రుకల్లా ఉన్నాయి. మూలన చిన్న బంగారు త్రికోణం ఉంది. సాకెట్ మీద కూడా త్రికోణం గుర్తు ఉంటుంది. రెండూ ఒక మూలకు వచ్చేలా పెడితే దానంతట అదే కిందికి జారి కూర్చుంటుంది. నొక్కొద్దు. ఒక్క పిన్ను వంగితే వారంటీ పోతుంది. ఇంటెల్ 12100 అయితే పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, అక్కడ వేలు తగలకుండా చూసుకోవాలి. రెండోది, కరెంటు వైర్లు రెండు వస్తాయి బోర్డుకు. 24 పిన్నులది పెద్దది అందరూ పెడతారు. ప్రాసెసర్ పక్కన పై మూలలో ఉండే చిన్నది మరిచిపోతారు. ఆన్ కావడం లేదంటే ముందు అది చూడండి.

బిల్లు విషయం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొనేవాళ్లున్నారు, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లున్నారు, ఇక్కడే కొనేవాళ్లున్నారు. ఎక్కడైనా సరే, జీఎస్టీ బిల్లు తీసుకోండి, ప్రతి వస్తువు సీరియల్ నంబరు బిల్లు మీద రాయించండి. డబ్బాతో వచ్చే ప్రాసెసర్‌కు కంపెనీ మూడేళ్ల వారంటీ ఉంటుంది. డబ్బా లేకుండా విడిగా ఇచ్చేదాన్ని ట్రే ప్రాసెసర్ అంటారు, దానికి కంపెనీ నుంచి ఆ వారంటీ ఉండదు. కొంచెం తక్కువకు వస్తుందని తీసుకోకండి.

ఇక ప్రశ్నలు. యూపీఎస్ ఎంతది తీసుకోవాలని అడిగింది చెల్లె. 600 వీఏది చాలు. అందులో సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు మన మిషన్‌కు పది పదిహేను నిమిషాలు ఇస్తుంది. ఫైలు సేవ్ చేసి ఆపుకోవడానికే అది, గేమ్ ముగించడానికి కాదు. లేజర్ ప్రింటర్‌ను దానికి తగిలించకండి. వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా కరెంటు లాగి యూపీఎస్‌ను పడేస్తుంది.

ఆ తమ్ముడు, ఆఫీసుల్లో వాడి తీసేసిన పాత ఐ5 మిషన్లు తక్కువకు వస్తున్నాయి, తీసుకోవచ్చా అంటున్నాడు. తీసుకోవచ్చు, తప్పేం లేదు, కానీ మూడు చూడు. ఒకటి, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతిది ఉండాలి. ఆరో తరం, నాలుగో తరం మిషన్ ఎంత మెరిసిపోతున్నా ఆన్‌లైన్ సెంటర్‌కు వద్దు, మీ దగ్గర జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు టైప్ అవుతుంటాయి. రెండు, కొన్ని కంపెనీ మిషన్లలో ఎస్‌ఎంపీఎస్ వైరు వాళ్ల సొంత తీరులో ఉంటుంది. అది పోతే బజార్లో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ సరిపోదు. పక్క డోరు తీయించి, బోర్డుకు వచ్చే వైరు 24 పిన్నులదేనా అని లెక్కపెట్టు. మూడు, లోపల హార్డ్ డిస్క్ ఒక్కటే ఉంటే ఎస్‌ఎస్‌డీ ధర కూడా కలుపుకుని బేరం ఆడు. ఇవన్నీ కలిపి కొత్త మిషన్ ఖర్చులో సగం దాటుతున్నాయంటే ఇంకో రెండు నెలలు ఆగి కొత్తదే కట్టుకో. కొనేముందు ఆ మిషన్ ఫోటో, లేబుల్ ఫోటో తీసుకుని రా, చూసి చెప్తాను.